పందొమ్మిదో చోట కొడవలి

రాళ్లగట్టు దవాఖానలో రోగులు వరుసలో నిలబడరు. వారి వస్తువులు నిలబడతాయి. పొద్దు పొడవకముందే వచ్చినవాడు మెట్టు పక్కన తన కర్ర పెట్టి, పోయి గోడనీడన కూర్చుంటాడు. ఆ వెనుక వచ్చినామె చెంబు పెడుతుంది, ఇంకొకరు చెప్పులు విడుస్తారు, మరొకరు గొంగడి మడిచి ఉంచుతారు. లోపలినుంచి పిలుపు వచ్చినప్పుడల్లా ముందున్న వస్తువు లేస్తుంది, దానితోపాటు మనిషి లేస్తాడు. ఎంత మొనగాడైనా పరుల చెప్పును వెనక్కి నెట్టి తన చెప్పు పెట్టడు; అది ఎదుటివాడి కంచంలో చేయి పెట్టినంత తప్పు.

డాక్టర్ నిర్మలమ్మ అక్కడికి వచ్చిన కొత్తలో ఈ మర్యాదను చూసి ముచ్చటపడింది. తరువాత భయపడింది. గజ్జికి మందు కావలసినవాడి చెంబు వెనుక, పాము కరిచినవాడి చెప్పులు ఓపికగా పడి ఉండేవి. "ప్రాణం మీదికి వచ్చినవాళ్లు ముందు రండి" అని ఒకనాడు ప్రకటిస్తే గోడనీడన ఉన్నవారంతా లేచి వచ్చారు, నొప్పులు పడుతున్న ఒక్క గర్భిణి తప్ప. ఆమె అందరి తరువాత పోదామనుకుని అరుగు మీదనే కన్నది. తల్లీబిడ్డలు క్షేమమే గాని, డాక్టరుకు ఆ రాత్రి కంటిమీద కునుకు లేదు.

అందుకే ఆమె పంచాయతీ సమితికి అర్జీ పెట్టింది. రెండు నెలలపాటు మెట్టు దగ్గర ఒక రాతగాడు కూర్చోవాలి. ఎవరు ఏ బాధతో ఏ వేళకు వచ్చారో, ఎంతసేపు ఆగారో రాయాలి. అది తెలిస్తేగాని ఎవరిని ఏ దారిన లోపలికి పంపాలో తేలదు. రాతగాడి జీతానికి రెండు వందల నలభై రూపాయలు కావాలి. సమితి ఆ అర్జీని రెండుసార్లు తిప్పి పంపింది. 1963 జనవరిలో, జొన్నకోతల నడుమ, మూడోసారి విచారణకు వచ్చింది. ఈసారీ కాదంటే ఆ ఏటి సొమ్ము దవాఖాన ముందు కట్టే కమానుకు పోతుంది.

"పరిశోధన అంటున్నవు గదా డాక్టరమ్మా," అన్నాడు సమితి అధ్యక్షుడు కిష్టయ్య, మీసం సవరించుకుంటూ. "మందిని లెక్కవెట్టుడుకు పైసలెందుకు? మా గొడ్లను నేను రోజు లెక్కవెడ్త. నాకెవడన్న జీతమిస్తున్నడా?"

సభ్యులు గొల్లుమన్నారు. మూలన కూర్చున్న బీరమ్మ మాత్రం నవ్వలేదు. గొర్రెలకాపరుల ఇంటి మనిషి. మహిళా సభ్యురాలిగా సమితిలో చేరిననాటినుంచి, చేయెత్తమన్నప్పుడు ఎత్తడమే తప్ప నోరు విప్పి ఎరగదు.

"నీ గొడ్లెన్ని పటేలా?" అన్నది.

"పదకొండు."

"మావి మూడునూర్లు. లెక్క ఒక్కటే గాదు. పొద్దుగాల దొడ్డి తీసేటప్పుడు ఏది కుంటుతాంది, ఏది సూడిగున్నది, ఏది మేత ముట్టలే, గవన్ని సూసినంకనే మందను తోల్తం."

"మనుషులు గొర్లా బీరమ్మా?"

"గొర్లే నయం. నొప్పైతె అరుస్తయి."

సందు దొరికిందనుకున్న నిర్మలమ్మ వెంటనే లేచింది. "దవాఖాన ఎదురుగనే ఉంది, వచ్చి చూడుండ్రి. ఆ వరుసలో అందరికన్న ముందు ఎవరిని పిలవాల్నో మీరే చెప్పుండ్రి. చెప్పగలిగితే నా అర్జీ నేనే వాపస్ తీసుకుంట."

ఎనిమిది మంది సభ్యులూ కదిలారు. మెట్టు దగ్గర ముప్పైకి పైగా వస్తువులు బారు తీరి ఉన్నాయి. కిష్టయ్య వెండిపొన్ను కర్రను చూపి, "ఎవరో పెద్దమనిషి. గీయనే ముందు" అన్నాడు. ఆ పెద్దమనిషి చెవిలో గులిమి తీయించుకోవడానికి వచ్చాడని నర్సు జానమ్మ చెప్పేసరికి అతని మీసం కొంత కిందికి వాలింది. మిగిలినవారు ఒకరు గొంగడినీ, ఒకరు చిన్నపిల్ల చెప్పులనూ చూపి తప్పారు.

బీరమ్మ నడుం వంచి, బారు పొడుగునా మెల్లగా నడిచింది. పందొమ్మిదో చోట ఆగింది.

"గీ కొడవలి పిడికి నెత్తురున్నది. జొన్నకు నెత్తురుంటదా పటేలా?"

జానమ్మ గోడనీడకు పరుగెత్తింది. అరచేతికి తువ్వాలు చుట్టుకుని కోతకూలి సైదులు కూర్చున్నాడు, జొన్న కోస్తుంటే తెగింది. కాళ్లకు చెప్పులు లేక, చేతనున్న కొడవలినే వరుసలో పెట్టాడు. తువ్వాలు మొత్తం ఎర్రబడి ఉంది. జానమ్మ రెక్క పట్టుకుని లేపుతుంటే, "నా ముంగట పద్దెనిమిది మంది ఉన్నరక్కా, పాపం తగుల్తది" అని గింజుకున్నాడు. "పాపం నాకు తగలనియ్యి, నువ్వు నడువ్!" అని ఆమె లోపలికి లాక్కుపోయింది. నిర్మలమ్మ ఏడు కుట్లు వేసి, ముఖం కడుక్కుని బయటికి వచ్చేసరికి కిష్టయ్య అరుగు మీద విలాసంగా కూర్చుని ఉన్నాడు.

"చెప్పింది గద మా బీరమ్మ! రాతగాడు లేడు, జీతం లేదు. మాట తప్పకు డాక్టరమ్మా, అర్జీ వాపస్ తీసుకో."

ఎవరూ చెప్పలేరన్న ధీమాతో నిర్మలమ్మ పందెం కాసింది, ఒకరు చెప్పారు. తన గొయ్యి తానే తవ్వుకున్నట్లయింది.

"ఆగు పటేలా," అన్నది బీరమ్మ. "నేను రోజొచ్చి గీడ కూసుంటనా? మా గొర్లను నువ్వు కాస్తవా?"

"నాతోని యాడైతది?"

"గీ సూపు నాకు ఉత్తగ రాలే. నలభై ఏండ్లు మంద ఎన్క తిరిగితె వచ్చింది. డాక్టరమ్మ రెండు నెల్లల్ల నేర్చుకుంటనంటాంది. నలభై ఏండ్ల ముంగట రెండు నెల్లు అగ్గువ గాదా?"

బేరం బాగున్నచోట మొండికేసే మనిషి కాదు కిష్టయ్య. పకపక నవ్వి, "గింత చవుక బేరం ఇడిస్తనా!" అని తన చేయి తానే ముందు ఎత్తాడు. ఆ అరుగు మీదనే ఒక్కొక్క చేయీ లేచింది. నిర్మలమ్మ వేలు చూపుతూ లెక్కపెట్టింది. ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది. ఉన్న సభ్యులు ఎనమండుగురే గదా, తొమ్మిదో చేయి ఎక్కడిదని తిరిగి చూస్తే, గుమ్మంలో సైదులు తన తెల్లని కట్టు చేతిని ఆకాశానికెత్తి నిలబడి ఉన్నాడు.

"నువ్వు మెంబరువు గాదుర!" అన్నాడు కిష్టయ్య.

"అయితేంది పటేలా, ఎత్తినది దించుతనా?"

"దించకపోతే కుట్లు తెగుతయి, దించు!" అని జానమ్మ గుమ్మంలోకి ఉరికింది.