పద్దెనిమిది డిగ్రీలు

షౌకత్ తన కొట్లో, ఇంటి గ్యాస్ మీటరుకి డబ్బు ఎక్కించే కార్డును మూడోసారి మెషీన్‌లో పెట్టాడు. మెషీన్ మూడోసారీ కుయ్యిమని దాన్ని బయటికి నెట్టేసింది. థెల్మా పది పౌండ్ల నోటు చాచి పట్టుకుని అలాగే నిలబడింది. ఆమె వెనక ఇంకో నలుగురు ఉన్నారు. వాళ్ళ చేతుల్లోనూ అవే కార్డులు.

షౌకత్ కార్డును చొక్కా అంచుతో తుడిచి, ఊది, మళ్ళీ పెట్టాడు. అది పనిచెయ్యదని అతనికి తెలుసు. పొద్దుటి నుంచి పదిహేడు మందికి ఇలాగే పెట్టి చూశాడు. చూడకుండా పంపించడానికి మనసొప్పక.

"కంపెనీ చచ్చిపోయిందాంటీ. చచ్చినోడి కార్డు ఇది తీసుకోదు. కొత్తోళ్ళ కార్డు రాలేదా?"

"ఐదు రోజుల్లో పోస్టులో వస్తుందన్నారు బాబూ. ఇవాళ్టికి మూడు వారాలు."

కరెంటు మీటరుకి డబ్బు ఎక్కించే తాళం కూడా చచ్చిన కంపెనీదే. అదీ పెట్టి చూశాడు. అదీ బయటికొచ్చింది. షౌకత్ రెండూ ఆమె చేతిలో పెట్టి, డబ్బులు అడక్కుండా ఒక రొట్టె కూడా పెట్టాడు. థెల్మా రొట్టె తిరిగి గల్లాపెట్టె మీద పెట్టేసింది. అప్పుడు టైము పదకొండున్నర. మూడింటికి ఆస్పత్రి మనిషి ఇంటికి వస్తుంది.

థెల్మా భర్త విల్ఫ్ ఐదు వారాలుగా ఆస్పత్రిలో ఉన్నాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళు పత్తి మిల్లులో, దూది ఏకే షెడ్డులో పనిచేశాడు. మిల్లు మూతపడి ముప్ఫై ఏళ్ళయింది కానీ ఆ దూది ఊపిరితిత్తుల్లోంచి పోలేదు. ఇప్పుడు కాస్త తేరుకున్నాడు. ఇంటికి పంపుతామన్నారు, ఒక్క షరతు మీద. అతను పడుకునే గది పద్దెనిమిది డిగ్రీలుండాలి. అది కొలిచి చూడ్డానికే ఆస్పత్రి మనిషి వస్తోంది. లేకపోతే రెండు వారాలపాటు సముద్రపు ఒడ్డున ఉన్న వృద్ధుల ఆశ్రమానికి. రెండు బస్సులూ ఒక రైలూ మారితే గానీ అక్కడికి చేరలేరు.

రెండు వారాలు అనే మాట థెల్మా ఇదివరకు రెండుసార్లు విన్నది. తొమ్మిదేళ్ళప్పుడు తల్లిని క్షయ ఆస్పత్రికి తీసుకెళుతూ ఎవరో కోటు వేసుకున్న పెద్దమనిషి ఆ మాటే చెప్పాడు. ఎనిమిదేళ్ళ కిందట చెల్లెలు ఐవీ తుంటి విరిగినప్పుడు చెప్పినావిడ మంచి మనిషే, చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది. ఇద్దరూ తిరిగి రాలేదు.

ఇంతకీ మీటర్లో గ్యాస్ లేకుండా పోవడానికి కారణం ఎవరో థెల్మాకి తెలుసు. షౌకత్‌కి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు.

ఆ వీధిలో ఆడవాళ్ళు చలికాలం గ్యాస్‌ని ఎండాకాలంలో కొనుక్కుంటారు. పొయ్యికి తప్ప గ్యాస్ అక్కర్లేని రోజుల్లో కూడా వారం వారం కార్డులో ఎంతో కొంత వేయించి మీటర్లోకి ఎక్కిస్తారు. జనవరిలో ఒక్కసారిగా అంత డబ్బు పుట్టదు కాబట్టి. థెల్మా మే నుంచి సెప్టెంబరు దాకా వారానికి ఐదు పౌండ్లు వేసింది. గురువారం బింగో ఆట మానేసింది. శుక్రవారం చేప ఇద్దరికీ కలిపి ఒక్కటే కొన్నది. చలి మొదలయ్యేసరికి మీటరు మీద ఎనభై ఏడు పౌండ్లు కనిపించాయి. విల్ఫ్ మెట్ల కింద వంగి టార్చి వేసి చూసి, మనం ధనవంతులమే అన్నాడు. ఆ మరుసటి వారమే అతన్ని ఆస్పత్రిలో చేర్చారు.

కంపెనీ మూతపడిందన్న సంగతి థెల్మాకి రేడియోలో తెలిసింది. పక్కింటి మర్లీన్ బస్టాపులో ఇంకో సంగతి చెప్పింది. కంపెనీ దివాలా తీస్తే ఎవరి మీటర్లో ఎంతుంటే అంతా అప్పులిచ్చినవాళ్ళకి పోతుందట. కొత్తవాళ్ళు వచ్చి అంకె సున్నాకి తిప్పేస్తారట. మర్లీన్‌కి అది వాళ్ళ అల్లుడు చెప్పాడు, అతనికి ఎవరో చెప్పారు. నాలుగు రోజులకి, ఆ మీటర్లన్నీ తీసుకున్న కొత్త కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. మీ డబ్బు భద్రంగా ఉంది, మీరేమీ చెయ్యనక్కర్లేదు అని ఉంది అందులో. థెల్మా భూతద్దం పెట్టుకుని రెండుసార్లు చదివింది. పదిహేనేళ్ళ కిందట క్రిస్మస్ చీటీ నడిపినవాళ్ళు కూడా సరిగ్గా ఈ వాక్యమే రాశారు. ఆ చీటీలో ఆమెకి పోయినవి నూట నలభై పౌండ్లు.

ఆ రాత్రి ఆమె ఇల్లు వేడిచేసే గ్యాస్ బాయిలర్ని ఆఖరుకంటా తిప్పింది. ముందుగదిలో చలి కాచుకునే గ్యాస్ పొయ్యి వెలిగించింది. వంటింట్లో ఓవెన్ తలుపు తెరిచి పెట్టింది. పరాయివాళ్ళు తినేకంటే కాలిపోవడమే నయం అనుకుంది. పన్నెండు రోజులు, పగలూ రాత్రీ. పెళ్ళయి యాభై రెండేళ్ళలో ఆ ఇంట్లో ఎప్పుడూ లేని వేడి. కిటికీల మీద నీళ్ళు కారాయి. థెల్మా చేతుల్లేని గౌనులో కూర్చుని, విల్ఫ్ ఖాళీ కుర్చీకేసి చూస్తూ, మీటరు తిరుగుతున్న చప్పుడు విన్నది. పదమూడో రోజు కొత్త కంపెనీకి ఫోన్ చేసింది. నలభై ఏడు నిమిషాలు సంగీతం విన్నాక ఒక అమ్మాయి పలికి, మీటర్లో ఉన్నది ఎక్కడికీ పోదండీ, ఎప్పటికీ మీదే అని చెప్పింది. థెల్మా థాంక్స్ చెప్పి ఫోన్ పెట్టేసింది. అప్పటికి మీటరు సున్నాకి వచ్చేసింది. అత్యవసరానికి మీటరు అప్పుగా ఇచ్చే ఐదు పౌండ్ల గ్యాస్ కూడా మంగళవారంతో అయిపోయింది. ఇవాళ గురువారం.

కొట్టు నుంచి వచ్చేసరికి ముందుగది తొమ్మిది డిగ్రీలుంది. మర్లీన్ గాలి కొట్టే కరెంటు హీటరు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. తన తాళమూ ఆ కంపెనీదేననీ, తన ఇంట్లో కరెంటు నిన్నే పోయిందనీ, హీటరు ఊరికే పడి ఉంది కదా అనీ చెప్పింది. థెల్మా కరెంటు మీటర్లో రెండు పౌండ్లు మిగిలి ఉన్నాయి. ఇద్దరూ కలిసి విల్ఫ్ మంచాన్ని గోడ పక్కకి జరిపారు, తలుపు కింద తువ్వాళ్ళు కుక్కారు, కిటికీకి దుప్పటి కట్టారు.

"అల్లుడి మాట నీకు చెప్పకుండా ఉండాల్సింది థెల్మా," అంది మర్లీన్ దుప్పటి మేకుకి తగిలిస్తూ. "వాడు పెళ్ళిరోజు కూడా తప్పే చెప్పాడు."

థెల్మా నవ్వలేదు. హీటరు ముందు థర్మామీటరు పట్టుకుని కూర్చుంది. పదకొండు. పన్నెండు. రెండున్నరకి పదమూడు.

ఆస్పత్రి మనిషి పేరు రోవెనా. మూడింటికి ఐదు నిమిషాల ముందే వచ్చింది. ముక్కు ఎర్రబడి ఉంది, జలుబు. కోటు విప్పబోయి, విప్పకుండా ఆగింది. గదిలో మధ్యగా తన సొంత థర్మామీటరు పెట్టి, ఐదు నిమిషాలు ఆగుదాం అన్నది. మనిషి ఇంటికొస్తే టీ ఇవ్వకుండా కూర్చోబెట్టడం థెల్మాకి తెలీదు. వంటింట్లోకి వెళ్ళి కెటిల్ మీట నొక్కింది. ఒక నిమిషం గడిచిందో లేదో, మెట్ల కింద కరెంటు మీటరు, ఉన్న కాస్తా అయిపోయి, టక్కుమంది. హీటరు ఆగిపోయింది. కెటిల్లో నీళ్ళు గుసగుసలాడి ఊరుకున్నాయి.

థెల్మా ముందుగదిలోకి తిరిగొచ్చింది. థర్మామీటరు పదమూడున్నర దగ్గరే ఉండిపోయింది.

రోవెనా తన చేతుల్లో ఏమీ లేదని చెప్పింది. నిమోనియా తిరగబెడితే అతను తట్టుకోలేడని చెప్పింది. అది అబద్ధం కాదని థెల్మాకీ తెలుసు. ఆస్పత్రిలో మంచం అప్పుడే ఇంకొకరికి ఇచ్చేశారు, విల్ఫ్ అంబులెన్స్‌లో ముందు ఇటే బయల్దేరాడు, ఇక్కడ దించాలో ఆశ్రమానికి తీసుకెళ్ళాలో రోవెనాయే చెప్పాలి. సంచీలోంచి ఒక కాగితం తీసింది. ఇంట్లో చూసుకునే వీలు లేదనీ ఆశ్రమానికి ఒప్పుకుంటున్నామనీ దాని మీద ఉంది. కింద ఒక సంతకం అప్పటికే ఉంది, వంకరగా.

"ఆయన పొద్దున్నే పెట్టారమ్మా. మీకు బరువవకూడదన్నారు. మీరు కూడా ఇక్కడ పెడితే చాలు. రెండు వారాలే."

థెల్మా పెన్ను తీసుకుంది. విల్ఫ్ అక్షరాల్ని చాలాసేపు చూసింది. తర్వాత పెన్ను మూత పెట్టి రోవెనాకి ఇచ్చేసింది.

"నేను పెట్టను."

"అమ్మా, ఈ చలిలో ఆయన్ని..."

"ఆయన్ని చలిలో పెట్టమనటం లేదు. నేను సంతకం పెట్టను అంటున్నా."

అప్పుడే అంబులెన్స్ వీధి మలుపు తిరిగింది. షౌకత్ కొట్టు ముందు కార్డులు పట్టుకుని నిలబడ్డవాళ్ళు పక్కకి తప్పుకున్నారు. డ్రైవర్ ఇంటి ముందు ఆపి, వెనక తలుపు తెరిచి, దించాలా వద్దా అని రోవెనా మొహంలోకి చూశాడు. లోపలి నుంచి వేడిగాలి తెరలా వచ్చి థెల్మా మొహానికి తగిలింది. ఆమె కోటు లేకుండానే మెట్టెక్కి లోపలికి వెళ్ళి విల్ఫ్ స్ట్రెచర్ పక్కనున్న సీటులో కూర్చుంది.

"గ్యాస్ ఉందా?" అన్నాడు విల్ఫ్ ముక్కుకున్న గొట్టం సర్దుకుంటూ.

"లేదు."

"ఎండాకాలం వేసిందంతా?"

"తగలేశాను. వాళ్ళు లాక్కుంటారని భయపడి. నువ్వు లేని ఇంట్లో పన్నెండు రోజులు మంట పెట్టుకుని కూర్చున్నా."

విల్ఫ్ ఆమెకేసి చూశాడు. కోపం వస్తుందనుకుంది. అతను దగ్గి, దగ్గు తగ్గేదాకా ఆగి, అడిగాడు.

"ఎంతకొచ్చింది?"

"ఇరవై ఆరు."

"మన ముందుగదిలోనా?"

"ముందుగదిలోనే."

"చూడలేకపోయాను కదే," అన్నాడు, నిజంగానే బాధపడుతూ.

థెల్మా అతని చెయ్యి పట్టుకుంది. డ్రైవర్ తలుపు దగ్గరికి వచ్చాడు. నాలుగింటికి ఇంకో రోగిని ఎక్కించుకోవాలని, ఆశ్రమం దాకా బంధువుల్ని తీసుకెళ్ళడానికి అనుమతి లేదని చెప్పాడు. గట్టిగా చెప్పలేదు. అతని తల్లి వయసు ఉంటుంది థెల్మాకి.

"దిగండమ్మా."

"దిగను నాయనా."

"మరి ఆయన్ని దించమంటారా?"

"ఆ ఇంట్లోకి వద్దు. అక్కడికీ వద్దు."

"మరెక్కడికమ్మా?"

థెల్మా సీటు బెల్టు లాగి, రెండుసార్లు తప్పి మూడోసారికి పెట్టుకుంది. రోవెనా కాలిబాట మీద నిలబడి ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతోంది, ఒక చెవి చేత్తో మూసుకుని. కొట్టు దగ్గరున్నవాళ్ళు ఇటు నడిచి వచ్చారు. మర్లీన్ బండి ముందుకెళ్ళి నిలబడింది, కావాలనో ఊరికేనో తెలియకుండా. వీధిలో ఇంటికొకరుగా గుమ్మాల్లోకి వచ్చారు. ఏ కిటికీలోనూ దీపం లేదు.

డ్రైవర్ ముందుకి వెళ్ళి తన సీట్లో కూర్చున్నాడు. ఇంజిన్ ఆపేస్తే వెనక వేడి ఆగిపోతుంది. బండి తాళం మీద చెయ్యి వేశాడు. అద్దంలో వెనక్కి చూశాడు. తాళం తిప్పకుండా, చెయ్యి అక్కడే ఉంచి కూర్చున్నాడు.