బీరువా కింద ఊడ్పించే స్వరం

రోజూ పొద్దున్నే సాక్సాయన గ్లాసు నీళ్ళలో రీడు నానబెట్టుకుంటాడు. రీడంటే సాక్సోఫోను మూతికి బిగించే పల్చటి రెల్లు బద్ద. అది నానేలోపు ఆయన భార్య చీపురు అందుకుంటుంది. మొదట వచ్చేవన్నీ పై స్వరాలు, ఆవిడ దృష్టిలో పనికిరానివి. ఆవిడక్కావలసింది అన్నిటికంటే కింది స్వరం. అది పట్టాడంటే ఇంట్లో బీరువా, మంచం, సోఫా అన్నీ బెత్తెడు పైకి లేస్తాయి. ఆవిడ కిందంతా చకచకా ఊడ్చేసి "చాలండీ" అంటుంది. అప్పుడాయన ఆపితే, సామానంతా మెల్లగా దిగుతుంది. ముందే ఆపితే చీపురు ఇరుక్కుపోతుంది మరి. అందుకే బుగ్గల్లో గాలి వదులుతూనే ముక్కుతో పీల్చుకోవడం ఆయనకి అలవాటైపోయింది. పై వాటా వాళ్ళు కూడా ఆ వేళకే ఊడ్చుకుంటారు.

అంతా బాగానే ఉంది గానీ, పెద్ద వాద్యబృందాల్లో వయొలిన్లకి వరసలకి వరసలు కుర్చీలుంటాయి, సాక్సోఫోనుకి ఒక్కటీ ఉండదు. ఎప్పుడో ఎవరో పిలిస్తే వెళ్ళి, ఒక్కడే నిలబడి వాయించి, పెట్టె సర్దుకుని రావడమే.

"ఎన్నాళ్ళని గాలి ఊదుకుంటూ కూర్చుంటావు బావా? నా టైల్స్ కొట్టుకి వచ్చెయ్. నువ్వుంటే లారీ దింపడానికి కూలీలక్కూడా పనుండదు" అనేవాడు బావమరిది.

నవ్వి ఊరుకునేవాడల్లా ఈసారి మాటిచ్చేశాడు. ఊళ్ళోని వాద్యబృందం మొట్టమొదటిసారి సాక్సోఫోనుకి శాశ్వతంగా ఓ కుర్చీ వేస్తోంది. అది దక్కకపోతే ఇక కొట్టే గతి.

ఎంపిక నాడు భార్య కూడా వెళ్ళి హాల్లో చివరి వరసలో కూర్చుంది. వేదిక మీద, చేతిలో సన్నటి కర్రపుల్లతో బృందాన్ని నడిపించే పెద్దాయన. మోకాళ్ళు అరిగిపోయి, నిలబడలేక కుర్చీలోంచే నడిపిస్తున్నాడు. ఈ ఏడాదితో మానేస్తానని అందరికీ చెప్పేశాడు కూడా.

సాక్సాయన బాగానే వాయించాడు. చివర్న వచ్చింది కింది స్వరం. కాగితం మీద అది కాసేపే. కానీ అలవాటు ఊరుకుంటుందా? "చాలు" అనే మాట వినపడందే ఆయన ఆపలేడు. పియానో లేచింది. పెద్దాయన కుర్చీతో సహా లేచాడు, కాళ్ళు గాల్లో ఊగుతున్నాయి. అది చూసి హాలు ఊడ్చే ఆవిడ గబగబా చీపురు తెచ్చి పియానో కిందికి దూరింది. ఎన్నేళ్ళ దుమ్మో పాపం.

'అయిపోయింది, ఇక టైల్స్ కొట్టే' అనుకుంటూ ఊదుతూనే ఉన్నాడు సాక్సాయన. చివరి వరసలో భార్యకి ఆ మాట నోటిదాకా వచ్చింది గానీ, సాటి మనిషి పని సగంలో ఎలా ఆపుతుంది? హాలు ఊడ్చే ఆవిడ పియానో కిందనుంచి బయటికొచ్చాకే అంది.

"చాలండీ."

పియానో దిగింది. కుర్చీ దిగింది. పెద్దాయన వెనక్కి తిరిగాడు.

"ఎవరమ్మా చాలన్నది? నాకింకా చాల్లేదు. మోకాళ్ళు ఇంత తేలిగ్గా ఉండి ఎన్నాళ్ళయిందో."

ఆ కుర్చీ సాక్సాయనదే అయింది. బావమరిది లారీలు ఇప్పటికీ కూలీలే దింపుతున్నారు. పెద్దాయన మాత్రం మానేసే ఊసే ఎత్తడం లేదు. సాధన రోజుల్లో చివరి వరసలో సాక్సాయన భార్యకో సీటు అట్టేపెట్టమని చెప్పాడు, కాకపోతే ఒక షరతు మీద.

"అమ్మా, ఆ మాట మటుకు తొందరపడి అనకండి."