క్రేన్ క్యాబిన్‌లో గట్టి సీటు

ఎంత మెత్తగా ఉంటే అంత సుఖం అన్నది కుర్చీల విషయంలో దాదాపు అందరికీ ఉన్న నమ్మకం. దుకాణానికి వెళ్లినవాళ్లు కుర్చీని ముందు అరచేత్తో నొక్కి చూస్తారు. చెయ్యి దిగబడితే ముఖం విప్పారుతుంది. ఈ నమ్మకం నిజమో కాదో తేల్చడానికి విశ్వవిద్యాలయంలో ఒక పరిశోధన కేంద్రం ఉందంటే చాలామంది నవ్వుతారు. ఆ కేంద్రం డైరెక్టర్‌కి స్వయానా అత్తగారు కూడా నవ్వేది.

"పొద్దస్తమానం కుర్చీల మీద పరిశోధన చేస్తావు, ఇంటికొచ్చి కాసేపు కుదురుగా కూర్చోవు కదమ్మా" అనేది ఆవిడ, హాల్లో ఉన్న సోఫాలో నడుం దాకా మునిగి.

"ఆ సోఫాలోంచి లేవాలంటే మీకు నా చెయ్యి కావాలి కదా అత్తయ్యా. అందుకే నిలబడి ఉంటున్నాను" అనేది కోడలు.

మనిషి ఒంటికీ, అతను వాడే వస్తువుకీ పొత్తు కుదర్చడం ఆ కేంద్రం పని. కత్తెర పిడి వేలిని ఎక్కడ కోస్తుంది, ఆసుపత్రి మంచాన్ని తోసే మనిషి ఎంత వంగాలి, బస్సులో పట్టుకునే కడ్డీ పొట్టివాళ్లకి అందుతుందా, ఇలాంటి ప్రశ్నలతో డైరెక్టర్ దాన్ని ఏళ్ల తరబడి నడిపింది. ఈ ఏడాది విశ్వవిద్యాలయం ఒక నిర్ణయం తీసుకుంది. బయటి సంస్థ ఏదైనా ఒప్పుకుని వాడుకునే వస్తువు ఒక్కటైనా చూపించలేని చిన్న కేంద్రాలను పెద్ద శాఖల్లో కలిపేస్తారు. ఈ కేంద్రాన్ని మెకానికల్ శాఖలో కలుపుతారని, హాలులో పాత యంత్రాలు పడేస్తారని, తాత్కాలిక ఉద్యోగంలో ఉన్న సహాయకురాలికి మరో చోటు వెతుక్కోమంటారని అందరికీ తెలుసు.

డైరెక్టర్ ఆశలన్నీ ఒక సీటు మీద ఉన్నాయి. ఊరి చివరి సరుకుల యార్డులో క్రేన్ నడిపేవాళ్లు ఎత్తున గాజు క్యాబిన్‌లో కూర్చుని, షిఫ్టంతా మోకాళ్ల మధ్య నుంచి కిందికి చూస్తూ పనిచేస్తారు. అందరికీ నడుం నొప్పే. కేంద్రం వాళ్ల కోసం ఒక గట్టి సీటు తయారుచేసింది. ఆపరేటర్లు దాన్ని ఎంచుకుంటే అన్ని క్రేన్లలో బిగిస్తామని యార్డు మాట ఇచ్చింది.

పరీక్షను డైరెక్టరే రూపొందించింది. గట్టి సీటుకు పోటీగా ఒక మెత్తని సీటు. రెంటికీ ఒకే రంగు తొడుగు, ఒకే స్టాండు, ఒకే ఎత్తు. ఏది కేంద్రం తయారుచేసిందో ఆపరేటర్లకు చెప్పరు. ఏది నచ్చిందో షిఫ్టు మొదట ఒకసారి, చివర ఒకసారి అడుగుతారు. మొదట అందరూ మెత్తనిదే కోరుకుంటారని ఆమె ముందే చెప్పింది. చివరికి మాట మారుతుందని కూడా చెప్పింది.

మారలేదు.

"దాచడమెందుకు మేడమ్" అన్నాడు ఆపరేటర్లలో పెద్దవాడు. యార్డంతా అతన్ని బాబాయ్ అనే పిలుస్తుంది. "ఆ గట్టిదాని మీద షిఫ్టు చేస్తే బండ మీద కూర్చోబెట్టి శిక్ష వేసినట్టుంది. మా ఆవిడ కూడా నన్ను ఇంతగా సాధించలేదు."

ఆ కబురు మెకానికల్ శాఖ అధిపతికి చేరడానికి ఎంతోసేపు పట్టలేదు. మర్నాడు వరండాలో ఎదురై, "బాధపడకండి మేడమ్. మా శాఖలో మీకో మంచి గది ఇస్తాను. కుర్చీ మాత్రం మెత్తగా ఉంటుంది, ఏమనుకోకండి" అన్నాడు.

"మీరు ఓదార్చడానికి వచ్చారా, గది కొలవడానికి వచ్చారా?"

"రెంటికీ. కానీ మీ ల్యాబ్‌లోకి అడుగుపెట్టాలంటే ముందు సాక్సు ఉతుక్కోవాలి కదా, అందుకని బయటి నుంచే చూసి పోతున్నా."

అతను అన్నది ల్యాబ్ తలుపు దగ్గరున్న బోర్డు గురించి. లోపల నేలంతా పాదాల ఒత్తిడిని కొలిచే సున్నితమైన చాప పరిచి ఉంటుంది. కేంద్రం తెరిచిన రోజున డైరెక్టరే 'పాదరక్షలు బయట' అని రాయించి తగిలించింది. ఆ నియమం తప్పినవాళ్లు లేరు.

కేంద్రాల సమీక్ష వచ్చే వారమే. డైరెక్టర్ సీటును యార్డు నుంచి వెనక్కి తెప్పించి, బాబాయ్‌ని ల్యాబ్‌కి పిలిపించింది. నమూనా క్యాబిన్‌లో అదే స్టాండు మీద సీటు బిగించి, చేతికి క్రేన్ మీటలు ఇచ్చి కూర్చోబెట్టింది. ఒత్తిడి పెరిగినచోట ఎరుపు చూపే తెర మీద తొడల కింది బరువు సమానంగా పరుచుకుని కనిపించింది. ఎక్కడా ఎర్రమచ్చ లేదు. మధ్యాహ్నం అయ్యేసరికి బాబాయ్ మీటల మీద చేతులుంచి చిన్న కునుకు కూడా తీశాడు.

"ఇది బాగుంది మేడమ్. ఇది పంపించకుండా ఆ బండ ఎందుకు పంపించారు?"

"మీరు బండ అన్నది దీన్నే బాబాయ్ గారూ."

అతను నమ్మలేదు. తొడుగు మీద తన చేతి గ్రీజు మరక చూపించాక నమ్మాడు.

సహాయకురాలు క్యాబిన్ అదురు గురించి అడిగింది. అది ముందే కొలిచారు. లెక్కలోకి రానంత తక్కువ. వేడి గురించి అడిగింది. ఆపరేటర్లు చెమట గురించి ఒక్క మాట కూడా అనలేదు. అదే మనిషి, అదే సీటు, అదే స్టాండు. అక్కడ నొప్పి, ఇక్కడ నిద్ర.

బాబాయ్ సెలవు తీసుకుని తలుపు దాటాడు. వరండాలో వంగి, మూలుగుతూ, ఇనుప ముక్కు ఉన్న సేఫ్టీ బూట్లు తొడుక్కుని లేసులు బిగించాడు. లేచి నిలబడేసరికి అతని తల తలుపు పక్కనున్న బోర్డు అంచుకు వచ్చింది. ఇందాక తలుపు దాటినప్పుడు అతను అంత ఎత్తు లేడు.

డైరెక్టర్ కాసేపు ఆ బూట్ల వంకే చూసింది.

"బాబాయ్ గారూ, వాటితోనే ఒకసారి లోపలికి రండి."

"బోర్డుందిగా మేడమ్."

"ఆ బోర్డు పెట్టింది నేను. రమ్మంటున్నదీ నేనే."

అతను గాజు మీద నడుస్తున్నట్టు జాగ్రత్తగా అడుగులేసి కూర్చున్నాడు. మోకాళ్లు తుంటి కన్నా పైకి లేచాయి. సహాయకురాలు ఒక చెక్క స్కేలు తీసుకుని అతని తొడకీ సీటుకీ మధ్య దూర్చింది. అది ఎక్కడా తగలకుండా అవతలికి పోయింది. తెర మీద ఒంటి బరువంతా రెండు ఎర్రమచ్చలుగా కూడుకుంది.

"ఇదిగో, ఇదే బండ" అన్నాడు బాబాయ్, పోగొట్టుకున్న వస్తువు దొరికినంత సంతోషంగా.

బూటు మడమ రెండు వేళ్ల మందం ఉంది. సీటు అంత పొట్టిదైంది. మెత్తని సీటు ఆ తేడాను మింగేసింది; గట్టిది దాచలేకపోయింది.

"కొలతలన్నీ ఇక్కడే, వట్టి పాదాలతోనే తీశాం కదా మేడమ్" అంది సహాయకురాలు మెల్లగా. "బూటు మందం డ్రాయింగ్‌లో మీరు కలిపేశారనుకున్నాను."

"కొలతల్లో నువ్వు కలిపావనుకున్నాను."

పాదరక్షల మందం కలపడం మరిచిపోవద్దని డైరెక్టర్ ఏటా మొదటి పాఠంలోనే చెబుతుంది. ఆమె అక్కడే చాప మీద చతికిలబడి, చాలా రోజులకు గుండెల నిండా ఊపిరి తీసుకుంది. తప్పు దొరికింది, దొరికినదాన్ని దిద్దవచ్చు. అయితే గట్టి సీటు మంచిదని దీనివల్ల రుజువు కాలేదని కూడా ఆమెకు తెలుసు.

ఆ సాయంత్రమే వెళ్లి మెకానికల్ అధిపతికి ఉన్నదున్నట్టు చెప్పింది.

"అంటే మీ గడప మీదే మీరు బోర్లాపడ్డారన్నమాట."

"పడ్డాను, లేచాను. సమీక్షకు ముందే మళ్లీ పరీక్ష పెడుతున్నాను. రెండు సీట్లనూ సమానంగా ఎత్తు పెంచుతాను. ఆపరేటర్లను ప్రశ్నలు మీరే అడగాలి. బాబాయ్‌ని మాత్రం వదిలేయండి, ఏది మాదో ఆయనకు తెలిసిపోయింది."

"నేనా? ఎందుకు?"

"నేనడిగితే నా మొహం చూసి జాలిపడతారు. మిమ్మల్ని చూసి ఎవరూ జాలిపడరు."

అతను పెద్దగా నవ్వి ఒప్పుకున్నాడు. "మరి ఈసారి కూడా ఓడితే?"

"ఆ గది తాళంచెవి ఇప్పించండి."

పరీక్ష రోజున డైరెక్టర్, సహాయకురాలు యార్డు సామాన్ల గదిలో కూర్చున్నారు. షిఫ్టు ముగిశాక మెకానికల్ అధిపతి హెల్మెట్ ఒక పక్కకు ఒరిగి, ఆయాసపడుతూ ఆఖరి క్రేన్ నిచ్చెన దిగి వచ్చాడు. అతని వెనకే ఒక కుర్ర ఆపరేటర్.

"కూర్చోండి, చెబుతాను" అన్నాడు అధిపతి.

"నిలబడే వింటాను."

అతను చెప్పాడు. సహాయకురాలు రెండు చేతులతో ముఖం కప్పుకుని, వేళ్ల సందుల్లోంచి నవ్వింది. డైరెక్టర్ గోడకు ఆనుకుంది.

"ఇంతకీ ఏది మీది మేడమ్?" అని అడిగాడు కుర్ర ఆపరేటర్.

"మీరు కోరుకున్నదే."

"ముందే చెప్పొచ్చుగా. ఇంకాస్త పొగిడేవాణ్ణి."

"అందుకే చెప్పలేదు."

షిఫ్టు మొదట ఆపరేటర్లందరూ మెత్తని సీటునే ఎంచుకున్నారు. షిఫ్టు చివర ఇద్దరు తప్ప అందరూ గట్టి సీటును ఎంచుకున్నారు. యార్డు దాన్ని అన్ని క్రేన్లలో బిగించింది. కేంద్రం అదే హాలులో, అదే పేరుతో కొనసాగింది. సహాయకురాలి ఉద్యోగం నిలిచింది. ల్యాబ్ తలుపు దగ్గర బోర్డు అలాగే ఉంది. దాని కింద ఒక జత సేఫ్టీ బూట్లు, లోపల మాత్రమే వాడటానికి, కొత్తగా చేరాయి. అత్తగారు సోఫా మార్చలేదు.