సుద్దముక్క తప్పు చెప్పిన రోజు

వెల్డా ప్రొకాప్ పరుపు మూలని మోకాలితో ఎత్తి పట్టి, దుప్పటి అంచుని కిందికి దోపింది. రాత్రి ఈ గదిలో దిగినవాళ్ళు వేటగాళ్ళు కాబోలు, తివాచీ నిండా ఎండిన బురద. నడుం పట్టేస్తే గోడకి చెయ్యి ఆనించి కాసేపు నిలబడింది. యాభై దాటిన మనిషి. పొట్టి, వంగిన భుజాలు, బ్లీచింగు నీళ్ళకి తోలు ఊడి ఎర్రబడ్డ వేళ్ళు. బ్యూట్ అనే ఊరి చివర ఈ మోటెల్లో ఏళ్ళ తరబడి గదులు సర్దుతోంది. బసకొచ్చినవాళ్ళలో పేరు పెట్టి పలకరించినవాళ్ళు ఒక్కరూ లేరు.

మధ్యాహ్నం మూడింటికి పరీక్ష. పదహారో ఏట బడి మానేసింది. ఆ చదువుకి సమానమైన పరీక్షల్లో ఇక లెక్కలొక్కటే మిగిలింది. రెండుసార్లు తప్పింది. ఈసారి గట్టెక్కితే ఆస్పత్రి వంటశాలలో పనికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. అక్కడ కూర్చుని చేసే పనులు కూడా ఉంటాయట.

ఈ చలికాలమంతా ఆవిడకి లెక్కలు చెప్పింది ఇంటర్నెట్లో ఒక అపరిచితుడు. చదువులో సాయం అడిగేవాళ్ళ బృందంలో అతని పేరు 'పాత సుద్దముక్క'. అసలు పేరు తెలీదు, ఊరు తెలీదు. భిన్నాలంటే వణికే మనిషికి భిన్నాలు నేర్పాడు. ఒక్కసారి విసుక్కోలేదు.

"ఏమంటున్నాడే నీ పంతులు?" గుమ్మంలోంచి ట్రూడీ అడిగింది. ఇద్దరూ ఒకే వరసలో గదులు చేస్తారు. "పెళ్ళి మాటేమైనా ఎత్తాడా, లేక ఇంకా కూడికలేనా?"

"నీ మొహం. ఒక లెక్క అడిగాను, జవాబొచ్చిందేమో చూస్తున్నా."

జవాబు వచ్చింది. వృత్తంలో అరవై డిగ్రీల ముక్క మొత్తంలో ఎన్నో వంతని ఆవిడ పొద్దున అడిగింది. నాలుగో వంతు అని రాశాడు.

వెల్డా మంచం అంచున కూర్చుంది. మూడువందల అరవైలో అరవై అనేది ఆరుసార్లు పోతుంది కదా. సబ్బు కాగితం వెనక మళ్ళీ వేసి చూసింది. ఆరే వచ్చింది. తప్పు తనదే అయ్యుంటుందని మూడోసారి కూడా వేసింది. తర్వాత భయపడుతూ రాసింది: "ఆరో వంతు కాదా అండీ? నన్ను పరీక్షిస్తున్నారా?"

చాలాసేపటికి వచ్చింది జవాబు. "అవును వెల్డా ఆరు తలుపు. ఆకు కింద గీత గీయి తలుపు."

వెల్డా ఆ మాటలు మళ్ళీ చదివింది. తల్లి ఇలాగే మాట్లాడింది, పక్షవాతం వచ్చిన రోజు. చెంచా తెమ్మనబోయి కిటికీ అంది. నిద్రమత్తులే అని తనే పడుకోబెట్టింది. ఆ తర్వాత తల్లి నోట మాటన్నది రాలేదు.

"మీరు ఎక్కడున్నారు? ఊరు పేరు రాయండి" అని పంపింది.

"కుర్చీ" అని వచ్చింది.

అత్యవసర నంబరుకి ఫోను చేసింది. అవతలి అమ్మాయి ఓపిగ్గానే మాట్లాడింది. "ఏ రాష్ట్రమో అయినా చెప్పండమ్మా, లేకపోతే ఎక్కడికని పంపను?"

బృందంలో అందరికీ కనబడేలా రాసింది. తాగి ఉంటాడని ఒకడు. ఆయన్ని వెంటపడి వేధించొద్దని ఇంకొకామె. వెల్డా అతని పాత రాతల్లోకి వెళ్ళింది. అందరికీ జవాబులు చెప్పే మనిషి కూడా ఒకచోట సాయం అడిగాడు. చేపల గాలానికి ఎరగా ఈకలతో ఈగ బొమ్మలు కట్టేవాళ్ళ బృందంలో, ఎర్ర కోడిపుంజు మెడ ఈకలు ఎక్కడ దొరుకుతాయని. కింద ఐడహో నుంచి బెర్నీస్ అనే ఆవిడ రాసింది: "పార్సిలు పంపాను, అందిందా?" ఆవిడ కోళ్ళఫారం ఫోను నంబరు అక్కడే ఉంది.

"ఆయన చిరునామానా?" బెర్నీస్ గొంతు గరుకుగా ఉంది. "నువ్వెవరు? ఆయనకేమవుతావు?"

"ఏమీ కాను. లెక్కలు చెప్తారు నాకు."

"లెక్కలు చెప్తాడని ముక్కూ మొహం తెలియనిదానికి ఇంటి గుట్టు చెప్పనా?"

"నాకు చెప్పొద్దు. మీరే అంబులెన్సుకి చెయ్యండి. ఆయన ఆకు, తలుపు అంటున్నారు. మా అమ్మ ఇలాగే అంది. నేను ఆలస్యం చేశాను. నాది పొరపాటైతే నన్ను తిట్టండి. ముందు చెయ్యండి."

అవతల కోళ్ళ అరుపులు వినిపించాయి. "పెట్టెయ్" అంది బెర్నీస్. "లైను ఖాళీగా ఉంచు."

ట్రూడీ తోపుడుబండి పట్టుకుని లోపలికి వచ్చింది. ఎగతాళి లేదిప్పుడు. "మిగతా గదులు నే చేస్తా. నువ్వు పో, బస్సొచ్చే వేళయింది."

"ఆయన ఇంకా రాస్తున్నాడే."

"రాయనీ. రాయగలిగినవాడు బతికే ఉంటాడు. ఈ పరీక్ష పోతే మళ్ళీ వేసవిదాకా లేదు."

వెల్డా కదల్లేదు. "నేనున్నాను, చూస్తున్నాను" అని రాసింది. అవతల అక్షరాలు విడివిడిగా వచ్చాయి. కొన్ని మాటలు కావు. ఆవిడ ప్రతిదానికీ జవాబు పెట్టింది: ఉన్నాను, మీ దగ్గరికి మనుషులు వస్తున్నారు, తలుపు వాళ్ళే తీసుకుంటారు. కిటికీ అవతల బస్సు ఆగింది. తలుపులు మూసుకుని వెళ్ళిపోయింది. కాసేపటికి అక్షరాలు ఆగిపోయాయి.

ఫోను మోగింది. "అర్విడ్ హాగెన్" అంది బెర్నీస్. "మిన్నెసోటాలో ఉంటాడు. తలుపు పగలగొట్టి తీసుకెళ్ళారట. ఊపిరుంది." పెట్టేసే ముందు, "ఇందాక కసురుకున్నాను, ఏమనుకోకు" అంది.

అర్విడ్ హాగెన్. వెల్డా ఆ పేరుని రెండుసార్లు పైకి అనుకుంది. తర్వాత లేచి స్నానాలగది తుడిచింది. తువ్వాళ్ళు మడిచి పెట్టింది. మూడు దాటిపోయింది.

సాయంత్రం ఇంట్లో సూపు వెచ్చబెట్టుకుంటుంటే సుద్దముక్క పేరుతో కబురొచ్చింది. చేతిలో గరిటె అలాగే ఉంది. "నేను పక్కింటి లోరెట్టాని. ఆయన కంప్యూటరు తెరిచే ఉంది, మీ మాటలన్నీ కనబడ్డాయి. అర్విడ్ ఇందాక ఆస్పత్రిలో పోయారు. నేనూ మా ఆయనా పక్కనే ఉన్నాం, చెయ్యి పట్టుకునే ఉన్నాం. మీ వల్ల ఒంటరిగా పోలేదు. అది చెప్దామనే రాశాను."

పొయ్యి కట్టేసి కుర్చీలో కూర్చుంది వెల్డా. తర్వాత ఇలా అడిగింది: "ఆయన ఎలా ఉండేవారు? నేనెప్పుడూ చూడలేదు."

"ఫొటో ఏదీ కనబడటం లేదమ్మా. గోడల మీద కూడా ఏం లేవు. ఆయన కూర్చునే చోటు చూస్తారా?"

బొమ్మ వచ్చింది. చిన్న బల్ల, మీద టేబుల్ లైటు, పక్కకి తోసేసిన కుర్చీ. స్ట్రెచరు చక్రాల బురద గీతలు నేల మీద ఇంకా అలాగే ఉన్నాయి. వెల్డా వేళ్ళతో బొమ్మని పెద్దది చేసి, మెల్లగా కిందికి జరిపింది. బల్ల కింద ఆయన ఉన్ని చెప్పు ఒకటి ఉండిపోయింది. గోధుమరంగుది, మడమ దగ్గర అణగతొక్కి అణగతొక్కి పల్చబడింది, ఆడమనిషికి కూడా సరిపోయేంత చిన్నది. ఆయనా తనలాగే పొట్టి మనిషి కాబోలు.