ముందే అందుకున్న చరణం

మా చర్చిలో ఎవరికి దిగులు పట్టుకున్నా నన్నే పంపేవారు. భర్త మంచాన పడ్డ ఇల్లయినా, పెళ్ళి కుదిరి తప్పిపోయిన ఇల్లయినా, స్త్రీల సంఘం కార్యదర్శి శోశామ్మ వెళ్ళి కూర్చుని, చింతపడటం విశ్వాసులకు తగదని నాలుగు మాటలు చెప్పి, ప్రార్థన చేసి, పాలు లేని కాఫీ తాగి వచ్చేది. ఆ శోశామ్మను నేనే. చింత వద్దని చెప్పడంలో తిరువల్ల చుట్టుపక్కల నన్ను మించినవాళ్ళు లేరని పేరు.

ఇంటికొచ్చాక కథ వేరు. మా ఆయన కురువిళకు బజారులో రంగుల దుకాణం ఉంది. ఆయన దుకాణం కట్టేసి రావడం కాస్త ఆలస్యమైతే చాలు, నా మనసులో ఆయన స్కూటరు లారీ కింద పడేది. అంతటితో ఆగినా బాగుండేది. శవపెట్టె ఎక్కడ కొనాలి, వాన వస్తే పందిరి ఎటు వైపు వేయించాలి, బెంగళూరులో నర్సింగ్ చదువుతున్న మా అమ్మాయి జీనకు కబురు ఎవరు మెల్లగా చెప్పాలి, ఇవన్నీ ఆలోచించేదాన్ని. ఆయన గేటు తీసుకుని లోపలికి వచ్చేసరికి నేను సమాధుల తోట దాకా వెళ్ళి తిరిగొచ్చి ఉండేదాన్ని. ఇన్ని ఏర్పాట్లు చేశాక మనిషి నిక్షేపంగా వచ్చి అన్నం పెట్టమంటే, నిజం చెప్పొద్దూ, కొంచెం కోపం కూడా వచ్చేది.

మా సంఘంలో తంకమ్మ చేడత్తి, అంటే తంకమ్మ వదిన, అని పెద్దావిడ ఉంది. గొంతు కూడా పెద్దదే. నేనూ పాడే గాయక బృందానికి పెద్ద ఆవిడే. ఒక శనివారం ప్రార్థన కూడిక వాళ్ళింట్లో పెట్టారు. అప్పం, శనగల కూర తిన్నాక నన్ను మాట్లాడమన్నారు. ఏ విషయమో చెప్పనక్కర్లేదు కదా, చింతపడకపోవడం గురించే. పడవలో శిష్యులు తుఫానుకు జడుసుకున్న కథ ఎత్తుకున్నాను. అలలు లేచే చోటికి వచ్చేసరికి నా గుండె ఒక్కసారిగా దడదడలాడింది. వేళ్ళు తిమ్మిరెక్కాయి. పైన తిరుగుతున్న ఫ్యాన్ ఊడి నా మీదే పడుతుందనిపించింది. ఊపిరి అందలేదు. చచ్చిపోతున్నానని తెలిసిపోయింది. శిష్యులను సముద్రం మధ్యలోనే వదిలేసి నేలమీద కూలబడ్డాను.

ఆటోలో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళారు. దారి పొడవునా తంకమ్మ చేడత్తి నా తల ఒళ్ళో పెట్టుకుని, మామూలుగా చావింట్లో పాడే పాటలే పాడింది. గుండె పరీక్షలన్నీ చేసి, ఒక కుర్ర డాక్టరు నా గుండె భేషుగ్గా ఉందని చెప్పాడు. ఇది ఆందోళన వల్ల వచ్చిందని, కౌన్సెలింగ్‌కు వెళ్ళమని అన్నాడు. నాకు అవమానంగా అనిపించింది. అంత ఊరేగింపుగా వచ్చినందుకు, చిన్నదైనా సరే, గుండెలో ఏదో ఒక అడ్డంకి ఉంటే మర్యాదగా ఉండేది. బయట కూర్చున్న ఆడవాళ్ళకు గ్యాస్ అని చెప్పాను. గ్యాస్ అంటే మా వైపు అందరికీ గౌరవమే. ఎవరూ మారు మాట్లాడరు.

కానీ ఆ గ్యాస్ మళ్ళీ వచ్చింది. బస్సులో, కూరగాయల కొట్టు దగ్గర, చివరికి ఆరాధనలో కూడా. చర్చిలో, బృందం వరసల్లోనే, తలుపు పక్క బెంచీకి మారాను. బస్సెక్కడం మానేశాను. నా ముఖం చూసి సంఘం వాళ్ళు మా ఇంట్లోనే ప్రత్యేక ప్రార్థన పెట్టారు. నాలోని భయం పోవాలని వాళ్ళు కళ్ళు మూసుకుని కన్నీళ్ళతో వేడుకుంటుంటే, నేను ఒక కన్ను తెరిచి ఎంతమంది వచ్చారో చూసుకుంటున్నాను. అరటిపండు బజ్జీలు సరిపోవేమోనని నా భయం. ప్రార్థన సాగేకొద్దీ ఇంకో ఇద్దరు వచ్చారు. ఆమెన్ అనేసరికి నేను వంటింట్లో మళ్ళీ మూకుడు పెట్టి ఉన్నాను. తంకమ్మ చేడత్తి వెళ్తూ వెళ్తూ, విశ్వాసం పల్చబడితే ఇలాగే అవుతుందని, ఉపవాసం పెంచమని చెప్పింది. ఆవిడ మనసు మంచిదే. నేను మాత్రం ఆ రాత్రంతా నా విశ్వాసం ఎంత పల్చబడిందో లెక్క కట్టుకుంటూ పడుకున్నాను.

కురువిళ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. మర్నాడు కాఫీ తాగుతూ, డాక్టరు చెప్పినట్టే కోట్టయంలో ఒక కౌన్సెలర్ దగ్గర సమయం తీసుకున్నానని చెప్పారు. నేను ఒప్పుకోలేదు. మనుషుల దగ్గరికి వెళ్తే దేవుడి మీద నమ్మకం లేనట్టే కదా అన్నాను.

"ప్రార్థన నువ్వు మానొద్దు, శోశా. నేను కారు మాట్లాడతాను. రెండూ చేద్దాం," అన్నారు.

కౌన్సెలర్ పేరు అంబిళి. మా జీన కంటే నాలుగైదేళ్ళు పెద్దదేమో. నేను ఉత్త చేతులతో వెళ్ళకుండా గులాబీ పువ్వులు వండి డబ్బాలో తీసుకెళ్ళాను. ఇక్కడ కూడా నేనే మంచి పేషెంటు అనిపించుకోవాలని నా తాపత్రయం. కూర్చోగానే నా భయాలన్నీ వరుసగా అప్పజెప్పి, మిగతావాళ్ళతో పోలిస్తే నేను ఎలా ఉన్నానని అడిగాను. ఆ పిల్ల నవ్వాపుకుని, ఇక్కడ ర్యాంకులు ఇవ్వరు చేచీ, అని అక్క వరస కలిపి అంది.

ఊపిరి మెల్లగా తీసి, అంతకంటే మెల్లగా వదలడం నేర్పింది. నేను దాన్ని కూడా తప్పు చేస్తున్నానేమోనని కంగారుపడి ఊపిరి బిగబట్టాను. అప్పుడు అంబిళి, మీకు బాగా అలవాటైన చిన్న ప్రార్థన ఏదైనా ఉందా అని అడిగింది. ఆమె మా మతం కాదు, అలా అడుగుతుందని నేననుకోలేదు. మా ఆరాధనలో పుట్టినప్పటి నుంచీ వింటున్న మాట చెప్పాను: కురియేలాయిసోన్. ప్రభువా, కరుణించు. ఊపిరి వదిలేటప్పుడు దాన్ని మెల్లగా అనుకోమంది. అనుకున్నాను. ఇన్నేళ్ళుగా ఆ మాటను ఎప్పుడు ముగించి కూర్చుందామా అన్నట్టే అనేదాన్ని. అంత నిదానంగా అనడం అదే మొదటిసారి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గులాబీ పువ్వులు కొంచెం మాడాయని చెప్పి, ఆ నీళ్ళను కప్పిపుచ్చాను.

కొన్ని వారాలు అలా వెళ్ళాక ఒక రోజు ఆమె, నాకు అసలు దేనికి భయమో అడిగి అడిగి రాబట్టింది. లారీకి కాదు, ఫ్యాన్‌కి కాదు. నలుగురి ముందు తప్పు చేస్తానేమోనని, చేస్తే ఇక ఎవరికీ అక్కరలేని దాన్నవుతానని. అది నా నోటితో నేనే చెప్పి, నేనే ఆశ్చర్యపోయాను.

"అయితే వచ్చేసారికి ఒక పని చేసుకుని రండి, చేచీ. నలుగురి ముందు ఒక చిన్న తప్పు చేయండి. కావాలని. ఎవరికీ నష్టం లేని తప్పు."

ఆ వారం నేను పడ్డ పాట్లు పగవాళ్ళకు వద్దు. కూరలో ఉప్పు మానేద్దామంటే కురువిళ గమనించకుండా తినేస్తారు. చెప్పులు జతతప్పి వేసుకుంటే రంగుల దుకాణం దివాలా తీసిందనుకుంటారు. చివరికి పాటలో ఒక చరణం ముందే అందుకోవాలని తేల్చుకున్నాను. రెండో చరణం అయ్యాక ఆర్గన్ కాసేపు ఒక్కటే మోగుతుంది, అప్పుడు అందరూ ఆగుతారు. నేను ఆగకూడదు. వంటింట్లో సాధన మొదలుపెట్టాను. ముప్పై ఏళ్ళ అలవాటు కదా, ఎన్నిసార్లు పాడినా సరైన చోటే అందుకుంటున్నాను. తప్పు కూడా తప్పు లేకుండా చేయాలని మళ్ళీ మళ్ళీ పాడుతుంటే, కురువిళ పేపరు దించి, "మళ్ళీ కరెక్టుగానే పాడావు," అని జాలిగా అన్నారు.

ఇంకో అనుమానం పట్టుకుంది. దేవుడి సన్నిధిలో కావాలని తప్పు చేస్తే పాపం కాదా? మేం అచ్చన్, అంటే తండ్రి, అని పిలిచే మా పాదిరి ఫిలిప్పోస్ దగ్గరికి వెళ్ళి, సిగ్గు విడిచి అంతా చెప్పాను. ఆయన నవ్వలేదు.

"మన గాయక బృందంలో కావాలని చేయని తప్పులే బోలెడున్నాయి. ఒకటి కావాలని చేస్తే కొత్తగా ఉంటుంది, చెయ్యి," అన్నారు.

దిగులుపడటం విశ్వాసం లేకపోవడమే కదా అచ్చా అని అడిగాను. ఆయన గడ్డం నిమురుకుని, ప్రతి ఆదివారం పొద్దున్నే తన కడుపు పాడవుతుందని చెప్పారు. ఆదివారమేనా, బిషప్పు వచ్చినప్పుడల్లా అంతేనని లోపల్నుంచి ఆయన భార్య అందించింది.

"విన్నావుగా. నాకు విశ్వాసం ఉంది, శోశామ్మా. నా కడుపుకి లేదు. ప్రభువు రెండింటినీ కలిపే పిలిచాడు."

ఆదివారం వచ్చింది. రెండో చరణం అయిపోయింది. కురియేలాయిసోన్ అనుకుంటూ ఊపిరి వదిలి, మళ్ళీ తీసుకుని, గొంతెత్తాను. ఎవరూ పాడకుండా ఆగిన చోట నా గొంతొక్కటే పైకి లేచింది. కప్పు కూలుతుందని ఎదురు చూశాను. కూలలేదు. రెండు మాటలు అయ్యేసరికి పక్కనున్నవాళ్ళు కలిశారు, తర్వాత వెనక బెంచీలు, తర్వాత చర్చి మొత్తం. శోశామ్మ అందుకుందంటే అదే సరైనదనుకున్నారు. ఆర్గన్ వాయించే వర్కి సార్, రిటైరైన లెక్కల మాస్టారు, వేళ్ళను పరుగెత్తించి పాటను పట్టుకున్నారు. ఎవరూ నా వైపు చూడలేదు. వారమంతా సాధన చేసి చేసిన తప్పును ఒక్కరూ గుర్తించకపోతే ఎవరికైనా బాధగా ఉండదా? నాకు ఉంది.

ఆరాధన అయ్యాక పాటగాళ్ళ గదిలో తంకమ్మ చేడత్తి నేరుగా వర్కి సార్ మీదికి వెళ్ళింది. మూడో చరణం దగ్గర నిద్రపోయారా అని అందరి ముందూ అడిగేసింది. పాపం ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, తనకు వయసైపోయినట్టుందని, వచ్చే వారం నుంచి వేరే ఎవరినైనా చూసుకోమని అన్నారు.

ఎవరికీ నష్టం లేని తప్పు అని కదా అంబిళి చెప్పింది. అచ్చం తంకమ్మ చేడత్తి ఇంట్లో కొట్టుకున్నట్టే గుండె కొట్టుకుంది. తలుపు దగ్గర్లోనే ఉంది. వెళ్ళిపోవచ్చు. వెళ్ళలేదు.

"తప్పు సారుది కాదు, నాది. కావాలనే ముందు అందుకున్నాను," అన్నాను. మొదలుపెట్టాక ఆపడం చేతకాలేదు. నాకు వచ్చేది గుండె జబ్బు కాదని, ఆందోళన అని, కోట్టయంలో కౌన్సెలర్ దగ్గరికి వెళ్తున్నానని, ఆవిడే ఈ పని చెప్పిందని, అన్నీ చెప్పేశాను. కాళ్ళు వణుకుతుంటే కుర్చీ వీపు పట్టుకున్నాను.

తంకమ్మ చేడత్తి అడిగింది: "అయితే ఆ రోజు మా ఇంట్లో వచ్చింది గ్యాస్ కాదా?"

"కాదు, చేడత్తీ."

"నా శనగల కూర వల్లేననుకుని అప్పట్నుంచీ వండటమే మానేశాను కదే. మీ అన్న రోజూ సణుగుతున్నాడు."

వర్కి సార్ బాధ వేరు. అంటే ఇన్నేళ్ళుగా మీరెవరూ ఆర్గన్ వినడం లేదన్నమాట, శోశామ్మను వింటున్నారన్నమాట అని కళ్ళజోడు పెట్టుకున్నారు. రాజీనామా మాట మళ్ళీ ఎత్తలేదు. పైవారం నుంచి కిటికీలు అదిరేలా వాయించడం మొదలుపెట్టారు, ఇప్పటికీ తగ్గలేదు. తంకమ్మ చేడత్తి నన్ను పక్కకు లాగి, ఆ పిల్ల దగ్గరికి వెళ్తూ ఉండమని, మేం ప్రార్థన చేస్తూనే ఉంటామని, ఈసారి కూడిక తమ ఇంట్లోనేనని, నేను ఏమీ వండుకు రాకూడదని చెప్పింది. విశ్వాసం పల్చబడటం సంగతి ఎత్తలేదు. నేనూ గుర్తు చేయలేదు.

అంబిళికి ఇదంతా చెప్పి, తప్పును ఎవరూ గుర్తించలేదు కాబట్టి ఇచ్చిన పని చేసినట్టా కాదా అని అడిగాను.

"ఒప్పుకున్నప్పుడు ఏమైంది?"

"కాళ్ళు వణికాయి."

"తర్వాత?"

"కాఫీ ఇచ్చారు."

ఆమె నేను తెచ్చిన డబ్బాలోంచి గులాబీ పువ్వు ఒకటి తీసుకుని కొరికింది.

భయం పోయిందని చెప్తే అబద్ధమవుతుంది. కురువిళ ఆలస్యమైతే ఇప్పటికీ లారీ వస్తుంది. కాకపోతే సమాధుల తోట దాకా వెళ్ళడం లేదు, ఆసుపత్రి దగ్గరే వెనక్కి తిరుగుతున్నాను.

పోయిన నెల, కారు వద్దని చెప్పి, కోట్టయానికి ఒంటరిగా బస్సెక్కాను. తలుపు పక్కన చోటున్నా వెళ్ళి మధ్యలో కూర్చున్నాను. చంగనాశ్శేరి దాటాక వచ్చింది, ఆ పాత దడ. ముందు రాబోయే వంతెన దగ్గర బస్సు నీళ్ళలో పడుతుందని ఎప్పటిలాగే ఖాయం చేసుకున్నాను. దిగిపోదామని లేచి, మళ్ళీ కూర్చున్నాను. ఊపిరి వదులుతూ కురియేలాయిసోన్, తీసుకుని మళ్ళీ కురియేలాయిసోన్. పక్కన కూర్చున్న చేపలమ్మే ఆవిడ నా వైపు అనుమానంగా చూసి కొంచెం జరిగింది. చోటు విశాలమైంది. కిటికీలోంచి గాలి వచ్చింది.

కళ్ళు తెరిచేసరికి కండక్టరు భుజం తడుతున్నాడు. ఏట్టుమానూరు వచ్చింది, దిగమంటున్నాడు. వంతెనా కోట్టయమూ ఎప్పుడో దాటిపోయాయి, నాకు తెలియలేదు. బస్టాండులో నిలబడి అంబిళికి ఫోన్ చేసి, ఆలస్యమవుతుందని చెప్పాను. మళ్ళీ భయం వేసిందా, మధ్యలో దిగిపోయారా అని ఆమె కంగారుపడింది.

"లేదమ్మా, నిద్రపోయాను," అన్నాను. అది చెప్పడానికి నాకు ఎంత గర్వంగా ఉందంటే, పక్కనే టీ కొట్టువాడికి కూడా చెప్పి, ఒక టీ తాగి, వెనక్కి వెళ్ళే బస్సెక్కాను.