పరామర్శకు వచ్చిన మధ్యాహ్నం

ఊరి చివర పీణ్యలో ఒక గార్మెంట్ ఫ్యాక్టరీ కట్టడం కూలిపోయిందన్న కబురు తెలిసేసరికి గోపాలప్ప కాటన్‌పేటలో తన అంగట్లోనే ఉన్నాడు. గుండీలు కొనడానికి వచ్చిన మనిషి ఫోన్ చూస్తూ, "అయ్యో, నాలుగంతస్తులూ కూర్చుండిపోయినాయంట" అన్నాడు. గోపాలప్ప ఆ ఫోన్ లాక్కుని చూశాడు. దుమ్ములో గుర్తు పట్టగలిగింది గేటు ఒక్కటే. నీలం రంగు గేటు. కూతురిని దింపడానికి ఎన్నోసార్లు ఆ గేటు దాకా వెళ్ళినవాడే.

సౌమ్య అక్కడ రెండో అంతస్తులో కుట్టుపని సరిగ్గా ఉందో లేదో చూసే సూపర్‌వైజరు. తండ్రి అంగట్లో దారాలూ జిప్పులూ అమ్ముతూ పెరిగిన పిల్ల. ఏ బట్టకు ఏ దారం నిలుస్తుందో ఆమెకు చెప్పనక్కర లేదు. పెళ్ళి సంబంధం కుదిరినట్టే కుదిరి తప్పిపోయాక, ఇంట్లో కూర్చోనని పంతం పట్టి ఈ పనిలో చేరింది. గోపాలప్ప ఆమెకు ఫోన్ చేశాడు. రింగు అవుతోంది, తీయడం లేదు. రింగు అవుతోంది కదా అన్న ఆశతోనే భార్య భాగీరథమ్మను ఆటోలో ఎక్కించుకుని పీణ్య చేరేదాకా చేస్తూనే ఉన్నాడు.

అక్కడ కట్టడం లేదు. స్లాబు మీద స్లాబు పడి, నడుమ మెలితిరిగిన ఇనుప చువ్వలు, రంగురంగుల బట్ట ముక్కలు. పైన ఇంకో అంతస్తు కడుతున్నారట. కింది స్తంభాలు ఆ బరువు మోయలేకపోయాయట. ఎవరో చెబుతున్నారు, గోపాలప్పకు చెవికెక్కడం లేదు. సాయంత్రానికి కొందరిని బయటికి తీశారు. ఒక్కొక్కరిని తెల్లగుడ్డ కప్పి తెస్తుంటే భాగీరథమ్మ ముందుకెళ్ళి పాదాలు చూసి వచ్చేది. "మన బిడ్డ కాదు" అనేది. ఆ మాటలో ఊరట ఉన్నందుకు వెంటనే సిగ్గుపడి, పక్కన ఏడుస్తున్న మనిషి భుజం మీద చెయ్యి వేసేది.

మర్నాడు పొద్దున రక్షణ బృందానికి లోపలి నుంచి ఏదో చప్పుడు వినిపించింది. బృందం పెద్దాయన చెయ్యెత్తగానే అందరూ ఊపిరి బిగపట్టారు. ఒక సందులోంచి సన్నటి గొట్టం లోపలికి దించారు. "ఎవరున్నారు?" అని కన్నడంలో అరిచారు. గొట్టంలోంచి రెండు పేర్లు వచ్చాయి. కెంపమ్మ. సౌమ్య.

బృందం వాళ్ళు గోపాలప్పను రాళ్ళ మీదుగా పట్టుకుని తీసుకెళ్ళి గొట్టం దగ్గర కూర్చోబెట్టారు.

"సౌమ్యా, నేనమ్మా. మీ నాయనను."

కాసేపటికి జవాబు వచ్చింది. ఎక్కడో బావి అడుగు నుంచి వచ్చినట్టుంది.

"నాయనా, కాలు ఇరుక్కొని ఉండాది. కెంపక్క పక్కనే ఉండాది. ఏమీ కనపడల్యా."

"భయం పడొద్దమ్మా. ఇందాక పైన మిషన్ సద్దు వినిపించిందా?"

"ఊ."

"ఆ సద్దు వినిపిస్తా ఉన్నంతసేపూ మేము నీ కాడికి వస్తా ఉండామని అనుకో. సరేనా?"

"సరే నాయనా. అమ్మ ఉండాదా?"

భాగీరథమ్మ గొట్టానికి నోరు ఆనించింది. బిడ్డ పేరు మాత్రం పిలిచింది. కాంక్రీటు కోసే మిషన్లు మళ్ళీ మొదలయ్యాయి. క్రేన్ పెద్ద పెద్ద పలకలను ఎత్తి పక్కన పెడుతోంది. సాయంత్రంలోగా చేరుకుంటామని బృందం పెద్దాయన చెప్పాడు. ఆ పూట గోపాలప్ప, కట్టడం కూలిన తర్వాత మొదటిసారి, ఎవరో ఇచ్చిన కాఫీ తాగాడు.

మధ్యాహ్నం కావస్తుండగా సుధీర్ అనే అధికారి వచ్చాడు. కుర్రవాడు, ఆంధ్రా నుంచి వచ్చి ఇక్కడ ఉద్యోగం చేస్తున్నవాడు. రాత్రంతా నిద్ర లేక అతని కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"సార్, ఢిల్లీ నుంచి పెద్దాయన వస్తున్నారు. ఫ్యామిలీస్‌ని కలుస్తారు. మెయిన్ రోడ్డు మీద కల్యాణ మంటపంలో అరేంజ్ చేశాం. మీకు హిందీ వచ్చంట కదా, మీరు ముందు వరసలో ఉంటే బాగుంటుంది."

సూరత్ వ్యాపారులతో బేరాలాడి బేరాలాడి గోపాలప్పకు హిందీ బాగానే వచ్చు.

"నేను రాలేనప్పా. నా బిడ్డ మాట్లాడతా ఉండాది లోపల."

"పదే పది నిమిషాలు సార్. ఆయనకు ఒక్క మాట చెప్పండి, ఇంకా పెద్ద మిషన్లు తెప్పిస్తారు. ఆయన నోట మాట వస్తే ఏదైనా జరుగుతుంది."

ఆ మాటకు గోపాలప్ప లేచాడు. భార్య వైపు చూశాడు. "పోయిరండి. నేను ఉండా కదా ఈడ" అంది భాగీరథమ్మ.

కల్యాణ మంటపంలో ఫ్యాన్లు హోరున తిరుగుతున్నాయి. వరసగా కుర్చీలు, కుర్చీల ముందు నీళ్ళ సీసాలు. బిడ్డలనూ భర్తలనూ పోగొట్టుకున్నవాళ్ళు పెళ్ళి పందిరి కట్టే చోట కూర్చుని ఉన్నారు. ఎవరో వచ్చి ఒకామె కొంగు సరిచేసి, ఇంకొకాయన్ని కాస్త జరగమన్నారు. పది నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి. గోపాలప్ప లేవబోతే తలుపు దగ్గరి మనిషి ఇప్పుడు ఎవరూ బయటికి పోకూడదన్నాడు.

చివరికి ఢిల్లీ నాయకుడు వచ్చాడు. టీవీలో చూసినదాని కంటే పొట్టిగా, ముసలిగా ఉన్నాడు. నడకలో అలసట ఉంది. ఒక్కొక్కరి దగ్గరా ఆగుతూ వచ్చి గోపాలప్ప ఎదుట నేల మీదే గొంతుక్కూర్చున్నాడు. పక్కవాళ్ళు కుర్చీ వేయబోతే వద్దన్నాడు.

"మీ అమ్మాయి త్యాగాన్ని దేశం మరిచిపోదు" అన్నాడు హిందీలో.

"నా కూతురు బతికే ఉంది సార్. పొద్దున నాతో మాట్లాడింది. పెద్ద మిషన్లు కావాలి."

నాయకుడు వెనక్కి తిరిగి ఎవరినో చూశాడు. ఎవరో తలూపారు. ఆయన గోపాలప్ప చేతులు రెండూ పట్టుకున్నాడు. "ఏం కావాలంటే అది వస్తుంది. నేను మాటిస్తున్నాను. నా తమ్ముడు గనిలో పనిచేసేవాడు. గని కూలింది. మా అమ్మ ఆ గని నోటి దగ్గర కూర్చుని ఎదురుచూసింది. మీరు పడుతున్నది నాకు తెలుసు."

ఆ కళ్ళలో నీళ్ళున్నాయి. నటన కాదది. మనుషులతో బేరాలాడి తల నెరిసినవాడు గోపాలప్ప, అబద్ధం ఎదుట పడితే పోల్చుకోగలడు. ఆయన భుజం మీద తల వాల్చి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. నాయకుడు అతని వీపు నిమురుతూనే ఉన్నాడు. ఆ కాసేపూ గోపాలప్ప గుండె బరువు నిజంగానే తగ్గింది. ఇంత పెద్దమనిషి వచ్చాడు, ఇంక భయం లేదు, నా బిడ్డ దక్కుతుంది అనుకున్నాడు. చుట్టూ కెమెరాల వెలుగు పడుతూనే ఉంది.

నాయకుడు అక్కడి నుంచి కూలిన చోటికి వెళ్ళాడు. ఆయన వెళ్ళి, చూసి, చేతులు జోడించి, కార్లన్నీ కదిలిపోయేదాకా మంటపం తలుపులు తెరవలేదు. తెరిచాక గోపాలప్ప పరుగులాంటి నడకతో వెనక్కి వచ్చాడు. సందు మలుపు తిరుగుతుండగా అతనికి ఏదో తేడాగా అనిపించింది. మిషన్ల చప్పుడు లేదు. పక్షుల కూతలు వినిపిస్తున్నాయి.

క్రేన్ కొమ్ము కిందికి దించి ఉంది. బృందం వాళ్ళు అప్పుడప్పుడే హెల్మెట్లు పెట్టుకుని రాళ్ళ మీదికి ఎక్కుతున్నారు. భాగీరథమ్మ చాలా దూరంలో, కట్టెల అడ్డుకంచె అవతల, జుట్టు విరబోసుకుని నిలబడి ఉంది. అరిచి అరిచి గొంతు పోయింది.

"మీరు యాడుండారు?" అంది. "అందరినీ తరిమేసినారు. క్రేన్ కింద ఆయప్ప నిలబడకూడదంట. మీరు పోయిన కాసేపటికే మిషన్లన్నీ ఆపేసినారు. గొట్టం కాడ ఒక్కరినైనా ఉండనీండి, నా బిడ్డతో మాట్లాడతా ఉంటానని కాళ్ళు పట్టుకున్నా. రెండు చేతులూ పట్టి ఈడ్చేసినారు. మీరు యాడుండారు?"

గోపాలప్ప రాళ్ళెక్కి గొట్టం దగ్గరికి పోయాడు. "సౌమ్యా, నాయనను వచ్చినానమ్మా" అని పిలిచాడు. చాలాసార్లు పిలిచాడు. ఒకసారి కెంపమ్మ మూలుగు వినిపించింది. అంతే.

పొద్దు వాలే వేళకు వాళ్ళను చేరుకున్నారు. కెంపమ్మను స్ట్రెచర్ మీద ఆంబులెన్సుకు తీసుకుపోయారు. సౌమ్యను తెల్లగుడ్డ కప్పి తెచ్చారు. ఈసారి పాదాలు చూడడానికి భాగీరథమ్మ ముందుకు రాలేదు. గోపాలప్పే వెళ్ళాడు.

ఎప్పుడు పోయిందని డాక్టరును అడిగితే, కాలు నలిగి రక్తం చాలా పోయిందనీ, ఎప్పుడని గట్టిగా చెప్పలేమనీ అన్నాడు. ముందే తీసినా బతికేదో లేదో అనుమానమేనన్నాడు. డాక్టరు మంచివాడు, ఆ మాట ఓదార్పుగానే చెప్పాడు.

కర్మలు అయ్యాక గోపాలప్ప ఒక్కడే ఆస్పత్రికి పోయి కెంపమ్మను చూశాడు. నడివయసు మనిషి. చేతికీ నడుముకూ కట్లు. అతన్ని చూడగానే మొహం గోడ వైపు తిప్పుకుంది.

"ఏం చెప్పినా పర్వాల్యా, చెప్పమ్మా" అన్నాడు గోపాలప్ప.

"సౌమ్యక్క ధైర్యంగానే ఉండెనప్పా" అంది కెంపమ్మ చివరికి. తనకన్నా చిన్నదైనా సూపర్‌వైజరు కదా, అక్క అనే పిలిచేది. "నేను ఏడిస్తే, సద్దు విను కెంపక్కా, మా నాయన వస్తా ఉండాడు అనేది. పాటలు కూడా పాడింది. ఇంగ సద్దు నిలిచిపోయింది. మన గొంతు వింటా ఉండారేమో, మళ్ళీ మొదలుపెడతారులే అనింది. శానా సేపు చూసినాము. మొదలు కాలా. అప్పుడు..."

"చెప్పు."

"వెళ్ళిపోయినారు కెంపక్కా అనింది. అంతే. ఆ మీదట నేను పిలిచినా పలకలా."

గోపాలప్ప ఆమె మంచం పక్కన ఇంకాసేపు కూర్చున్నాడు. లేచేటప్పుడు ఆమె దుప్పటి సరిచేశాడు. ఇంటికి వచ్చి ఈ మాట భార్యకు చెప్పలేదు. చెప్పకపోయినా కొన్నాళ్ళకు ఆమెకు తెలిసింది. కెంపమ్మ ఇంకెవరితోనో అంది, ఆ ఇంకెవరో వచ్చి చెప్పారు. ఆ పొద్దు నుంచి భాగీరథమ్మ అతనితో అవసరమైన మాట తప్ప మాట్లాడ్డం మానేసింది. కోపంతో కాదు. మాటలు అయిపోయాయి, అంతే.

ఫోటో మాత్రం ఊరంతా తిరిగింది. నాయకుడి భుజం మీద గోపాలప్ప తల, వీపు మీద ఆయన చెయ్యి. పేపర్లలో వచ్చింది, ఫోన్లలో వచ్చింది, మెజెస్టిక్ బస్టాండు దగ్గర ఒక పెద్ద ఫ్లెక్సీ కూడా వెలిసింది. అంగడికి వచ్చినవాళ్ళు, "ఆయన నిన్ను కావలించుకున్నాడు కదప్పా, ఎంత పెద్ద మనసు" అనేవారు. గోపాలప్ప గుండీల డబ్బాలు సర్దుకుంటూ తలూపేవాడు. నిజానికి అతన్ని కాల్చేది నాయకుడి మీది కోపం కాదు. ఆ భుజం మీద తల వాల్చినప్పుడు తన ప్రాణానికి హాయిగా ఉండింది. సరిగ్గా ఆ వేళకే కింద చీకట్లో తన బిడ్డ చెవులు రిక్కించి వింటూ ఉండింది. ఆ రెంటినీ అతను విడదీయలేకపోయాడు.

చలికాలం మొదలయ్యాక ఒక ఆదివారం ఉదయం ఢిల్లీ నుంచి ఫోన్ వచ్చింది. ముందు ఎవరో మాట్లాడి, తర్వాత నాయకుడికే ఇచ్చారు. అదే గొంతు. ఆరోగ్యం ఎలా ఉందని అడిగాడు. భార్య ఎలా ఉన్నారన్నాడు. కట్టడాల భద్రత మీద పెద్ద సభ పెడుతున్నామనీ, వేదిక మీద తన పక్కన కూర్చోవాలనీ అన్నాడు.

"సార్, ఒక మాట చెప్పాలి" అన్నాడు గోపాలప్ప హిందీలో. మెల్లగా, బేరం మాట్లాడినట్టే ఏ మాటా పొల్లుపోకుండా చెప్పాడు. గొట్టం సంగతి, మిషన్ల సంగతి, భాగీరథమ్మను ఈడ్చేసిన సంగతి, కెంపమ్మ చెప్పిన ఆఖరి మాట.

ఫోన్ తెగిపోయిందేమోనని గోపాలప్ప చూసుకున్నాడు.

"నాకు ఎవరూ చెప్పలేదు" అన్నాడు నాయకుడు.

"మీరు అడగలేదు సార్. కూలిన చోట మీ చుట్టూ అంత నిశ్శబ్దం ఎందుకుందని మీకు అనిపించలేదు."

"నేను ఏం చేసి ఉండాల్సింది? చెప్పండి. నేను రాకపోతే, మా గోడు ఎవరికీ పట్టలేదని మీరే అనేవారు కాదా?"

గోపాలప్ప ఆలోచించాడు. ఆ ప్రశ్న న్యాయమైనదే. "అనేవాళ్ళమేమో. అనిపించుకుని ఊరుకోవాల్సింది సార్. పని అయ్యేదాకా దూరంగా ఉండాల్సింది. ఆ తర్వాత వచ్చి మా ఇంట్లో కాసేపు కూర్చున్నా చాలు, ఏమీ మాట్లాడకపోయినా. మీ అమ్మగారు గని దగ్గర కూర్చున్నప్పుడు ఆమెను ఎవరైనా పక్కకు ఈడ్చారా?"

అటునుంచి ముక్కు ఎగబీల్చిన శబ్దం వచ్చింది. తర్వాత వణుకుతూ వచ్చే ఊపిరి. ఆ ముసలాయన ఏడుస్తున్నాడు. నిజంగానే ఏడుస్తున్నాడు. "ఎంత పాపం చేశాను, ఎంత పాపం చేశాను" అంటున్నాడు. దేశమంతా గొంతు గుర్తుపట్టే మనిషి, గోపాలప్ప చెవిలో వెక్కుతున్నాడు. గోపాలప్పకు కోపం తెచ్చుకుందామన్నా రాలేదు.

"ఊరుకోండి సార్" అన్నాడు. అనుకోకుండానే వచ్చేసింది. "మీకు తెలిసి చేసింది కాదు కదా. ఊరుకోండి, ఊరుకోండి."

హిందీ మధ్యలో ఆ మాటలు తెలుగులోనే వచ్చాయి. ఫోన్ పెట్టేసి తిరిగి చూస్తే, వంటింటి గడపలో భాగీరథమ్మ నిలబడి ఉంది.

"ఎవరిని ఊరుకోమంటా ఉండారు?" అని అడిగింది.

ఇన్నాళ్ళకు ఆమె తనంతట తాను అడిగిన మొదటి మాట అది. గోపాలప్ప ఆమె మొహం చూసి, ఎవరో చెప్పలేకపోయాడు. ఆమె కాసేపు ఎదురుచూసింది. తర్వాత లోపలికి పోయి, తలుపు చప్పుడు కాకుండా వేసుకుంది.