గాలి తీసిన మొగుడు

పిల్లల కోసం మూడేళ్ల మందులూ సూదులూ అయ్యాక, దర్జీ పని చేసే పిల్లకు పిండాన్ని కడుపులో పెట్టే రోజొచ్చింది. తీరా చూస్తే దర్జీ పిల్ల బీపీ మేడెక్కి కూర్చుంది.

"అది దిగకపోతే ఇవాళ పెట్టం," అంది డాక్టరమ్మ. దర్జీ పిల్లకు ఏడుపు గొంతుదాకా వచ్చింది.

నర్సు మొగుడూపెళ్లాలిద్దరికీ కళ్లు మూయించింది. "నిండా గాలి పీల్చండి. ఇంకా... ఇంకా..."

పంక్చర్లు వేసే మొగుడు, కిటికీ తెరలు తనవైపు వంగేంతగా పీల్చాడు. చివరికి ఆగలేక బుస్సున వదిలేశాడు. "గాలి ముప్పై రెండు పాయింట్లు దాటితే ట్యూబు పేలిపోతుందమ్మా!"

"నీ మొహం! ఇది బండి టైరా?" అంటూ ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. గొంతులోని ఏడుపూ ఆ నవ్వులోనే కొట్టుకుపోయింది.

నర్సు మళ్లీ చూసింది. బీపీ దిగింది.

"మరి? గాలి తీయడం మన వృత్తే కదే," అన్నాడు మొగుడు.